దొరికిన మెషీను

నాన్న పోయాక ఆయన చేతిరాతలో మిగిలిన మూడు నోటుపుస్తకాలు టైపు చేద్దామని పాత లాప్‌టాప్ కొని లినక్స్ ఎక్కించాను. అన్నీ పనిచేశాయి, వైఫై తప్ప. తెలుగు ఫాంట్లు దించుకోవడానికీ, టైపు చేసిన పేజీలు ఇండియాలో అక్కకి పంపడానికీ కావలసింది అదే. రెండు వారాంతాలు దానికే పోయాయి. కొనేముందు నేను చూసింది ప్రాసెసరు, మెమరీ, ధర. అంతే.

మేముండేది న్యూజెర్సీలో. యూనిక్స్ పుట్టిన మర్రీ హిల్ కూడా ఈ రాష్ట్రమే. అక్కడి బెల్ ల్యాబ్స్ వాళ్ళకి మెషీను ఎంచుకునే భాగ్యం కూడా దక్కలేదు. 1969లో సంస్థ మల్టిక్స్ అనే భారీ ప్రాజెక్టు నుంచి తప్పుకుంది. కొత్త కంప్యూటరు కొనమని కెన్ థాంప్సన్ బృందం అడిగితే పైవాళ్ళు ఒప్పుకోలేదు. దాంతో థాంప్సన్ ఎవరూ పెద్దగా వాడని ఒక పీడీపీ-7ని పట్టుకున్నాడు. దాని మెమరీ ఇప్పటి లెక్కలో 18 కిలోబైట్లు! మొదటి యూనిక్స్ అందులోనే పుట్టింది.

1970లో పీడీపీ-11 కోసం వేరే దారి తొక్కారు. ఆపరేటింగ్ సిస్టమ్ మాట ఎత్తకుండా, పత్రాలు తయారుచేసే సాధనం చేస్తామన్నారు. ఖరీదు సుమారు 65 వేల డాలర్లు. ప్రాసెసరు వేసవిలో వచ్చింది గానీ డిస్కు రావడానికి డిసెంబరు అయింది. ఈలోగా ఆ మెషీను, 6×8 గళ్ళ చదరంగం బల్ల మీద గుర్రం అన్ని గళ్ళూ తొక్కి బయల్దేరిన గడికే తిరిగొచ్చే దారులు లెక్కపెడుతూ కూర్చుంది. అది మూడు నెలల పని. 1971లో పేటెంట్ విభాగం టైపిస్టులు దాన్ని వాడటం మొదలెట్టారు. నాలాంటి వాళ్ళే అన్నమాట!

1973లో కెర్నెల్‌ని సీ భాషలో తిరగరాశాక యూనిక్స్‌కి మెషీనుతో ముడి వదులైంది. 1977లో ఇంటర్‌డేటా 8/32కి మార్చే పని మొదలైంది. 1991లో హెల్సింకీలో లినస్ టోర్వాల్డ్స్ తన 386 కోసం రాసుకున్న లినక్స్ కూడా తర్వాత ఎన్నో రకాల మెషీన్లకి పాకింది.

అయినా ముడి పూర్తిగా తెగలేదు. ఏ చిప్పుతో ఎలా మాట్లాడాలో ఎవరో ఒకరు చెప్పాలి కదా. పీడీపీ-11కి డెక్ కంపెనీ అచ్చేసిన పుస్తకాల్లో ఏ రిజిస్టరులో ఏ బిట్టు ఏం చేస్తుందో ఉండేది. నా వైఫై చిప్పు చేసినవాళ్ళు ఆ గుట్టు విప్పలేదు.

చివరికి, డ్రైవరు కెర్నెల్‌లోనే ఉందని ముందే చూసుకుని, చిన్న యూఎస్‌బీ వైఫై ముక్క కొన్నాను. మీరు మాత్రం డబ్బు కట్టేముందే లైవ్ యూఎస్‌బీతో ఒకసారి బూట్ చేసి, వైఫై, సౌండు, మూత వేసి తీస్తే నిద్ర లేస్తుందో లేదో చూసుకోండి.

నాన్న మొదటి పేజీ నిన్న రాత్రి అక్కకి వెళ్ళింది.