చెవికి పోసిన అచ్చు

పాటలు వినడానికి చెవి లోపల పెట్టుకునే ఇయర్‌ఫోన్‌కు పుట్టిల్లు వినికిడి యంత్రాల పరిశ్రమ. హ్యూ నోల్స్ 1946లో అమెరికాలో స్థాపించిన నోల్స్ ఎలక్ట్రానిక్స్, వినికిడి తగ్గినవారి కోసం అతి చిన్న ధ్వని పరికరాలు తయారుచేసింది. బాలెన్స్‌డ్ ఆర్మేచర్ అనే ఆ పరికరంలో రెండు అయస్కాంతాల నడుమ ఒక సన్నని లోహపు రేకు ఉంటుంది. తీగచుట్టలో విద్యుత్తు మారినప్పుడల్లా ఆ రేకు కదిలి, దానికి తగిలించిన పలచని పొరను కదిలిస్తుంది. 1959లో రాన్ మోర్గాన్ కొలరాడో స్ప్రింగ్స్‌లో వెస్టోన్ సంస్థను మొదలుపెట్టి, వినికిడి యంత్రాలు చెవిలో జారకుండా కూర్చునేందుకు ఎవరి చెవికి వారి అచ్చులు పోయించారు. డ్రైవరు అనే ఆ చిన్న ధ్వని పరికరం, చెవి అచ్చు రెండూ సంగీతాభిమానుల దగ్గరకు రావడానికి దశాబ్దాల ముందే బధిరుల కోసం సిద్ధమైపోయాయి. ఎవరి చెవి అచ్చుతో వారికి చేసే ఈనాటి ఖరీదైన కస్టమ్ మానిటర్ ఏదైనా ఆ రెంటి కలయికే.

సంగీతానికి ఆ అవసరం మొదట వేదిక మీద పడింది. రాక్ కచేరీల్లో గాయకుడి కాళ్ల దగ్గర పెట్టే వెడ్జ్ స్పీకర్లు ఆయన గొంతును ఆయనకే వినిపించాలి. డ్రమ్ముల హోరులో అది వినపడాలంటే శబ్దం పెంచాలి. పెంచితే మైకులోకి తిరిగి దూరి కీచుమంటుంది. ఏళ్ల తరబడి ఆ హోరులో నిలబడిన వాద్యగాళ్లలో ఎందరో వినికిడి పోగొట్టుకున్నారు. 1970ల్లో స్టీవీ వండర్ వంటి కళాకారులతో పనిచేసిన స్టీఫెన్ ఆంబ్రోస్, ఆ తర్వాత ఫ్యూచర్ సోనిక్స్ నెలకొల్పిన మార్టీ గార్సియా ఆ స్పీకరును తీసుకెళ్లి చెవిలోనే పెట్టే ప్రయత్నాలు చేశారు. ఇవాళ తెలుగు టీవీ పాటల పోటీల్లో గాయకుల చెవుల్లో మెరిసేవి ఆ వంశానివే.

ఇంట్లో కూర్చుని వినే శ్రోతకు మాత్రం ఇయర్‌ఫోన్ వేరే దారిలో వచ్చింది. నోల్స్‌లో పనిచేసిన మీడ్ కిలియన్ 1983లో ఇల్లినాయ్‌లో ఎటిమోటిక్ రీసెర్చ్ ప్రారంభించారు. వినికిడి పరీక్షల్లో వాడే ఇన్సర్ట్ ఇయర్‌ఫోన్లతో మొదలైన ఆ సంస్థ 1991లో సంగీతం వినేవారి కోసం ఈఆర్-4 విడుదల చేసింది. ఈ చరిత్రలో నేను అందరికన్నా ఎక్కువ గౌరవించే పరికరం అదే. దాని వెనకున్న ఆలోచనను కాస్త నిదానంగా చూడాలి. తెరిచి ఉన్న చెవి తటస్థమైన రంధ్రం కాదు. చెవి దొప్ప, సుమారు రెండున్నర సెంటీమీటర్ల పొడవున్న చెవి నాళం కలిసి వేణువులోని గాలిలా ప్రతిధ్వనించి, 2.7 కిలోహెర్ట్జ్ దగ్గరి ధ్వనులను 15 డెసిబెల్స్‌కు పైగా పెంచి కర్ణభేరికి అందిస్తాయి. మాటలోని స్పష్టత, వయొలిన్ నాదంలోని పదును చాలావరకు అక్కడే ఉంటాయి. చెవిని బిరడాలా మూసేయగానే ఆ సహజమైన పెంపు పోతుంది. పోయినదాన్ని ఇయర్‌ఫోనే తిరిగి ఇవ్వాలి. కిలియన్ చేసింది అదే. పైగా మూడు అంచెల రబ్బరు టిప్ నాళంలో లోతుగా, ఎముక భాగం దగ్గరిదాకా వెళ్తుంది కాబట్టి మన మాట మనకే గుమ్మటంలో మోగినట్టు వినపడే ఇబ్బంది కూడా తగ్గింది. ఒక్క డ్రైవరు, ఎవరి చెవికైనా పనికొచ్చే టిప్. యూనివర్సల్ అనే తరగతి అలా సగర్వంగా మొదలైంది.

నాలుగేళ్లకు, 1995లో, వాన్ హేలెన్ బృందానికి మానిటర్ ఇంజనీరుగా ఉన్న జెర్రీ హార్వే ముందుకు డ్రమ్మర్ అలెక్స్ వాన్ హేలెన్ సమస్య వచ్చింది. అప్పటికి దొరుకుతున్న మానిటర్లు ఆయనకు చాల్లేదు. హార్వే మంద్ర స్వరాలకు ఒక డ్రైవరు, తార స్వరాలకు మరొకటి పెట్టి, నడుమ ఆ స్వరాలను విడదీసి పంచే క్రాస్‌ఓవర్ చేర్చి, అంతా చెవి అచ్చులో ఇమిడ్చారు. అల్టిమేట్ ఇయర్స్ సంస్థ అలా పుట్టింది. తొలినాళ్లలో దానికి తయారీలో తోడు నిలిచింది వెస్టోన్. రెండు డ్రైవర్లు, క్రాస్‌ఓవర్, వాటి గొట్టాలు పట్టాలంటే చోటు కావాలి. చెవి దొప్పంతా నిండే అచ్చు ఆ చోటు ఇచ్చింది. కస్టమ్ అంటే మేలైన ధ్వని అనే పేరు ఇక్కడే స్థిరపడిందని నా అభిప్రాయం. అచ్చుకు దక్కిన ఆ ఖ్యాతిలో సగం నిజానికి డ్రైవర్లది.

ఆ అచ్చు తీయడం చూడవలసిన పని. దారం కట్టిన చిన్న స్పాంజి ముక్కను నాళంలో రెండో మలుపు దాటేదాకా తోస్తారు. కర్ణభేరికి అదే రక్షణ. ఆపైన సిలికాన్ నింపి, గట్టిపడేదాకా కదలకుండా కూర్చోమంటారు. పాడేవారికైతే పళ్ల మధ్య ఒక దిమ్మె పెడతారు, ఎందుకంటే దవడ కదిలితే చెవి నాళం ఆకారం మారుతుంది. నోరు మూసి తీసిన అచ్చు నోరు తెరిచి పాడేటప్పుడు వదులవుతుంది. హైదరాబాద్, విజయవాడల్లో వినికిడి యంత్రాలు అమర్చే ఆడియాలజిస్టులకు ఇది చేయి తిరిగిన పని. జపాన్‌లో ఫిట్‌ఇయర్ మానిటర్లను చేస్తున్నది సుయామా దంత ప్రయోగశాల. కట్టుడు పళ్లు తీర్చిదిద్దే నైపుణ్యమే చెవి అచ్చులకూ పనికొచ్చింది.

2001లో ఐపాడ్ వచ్చాక వేదిక సామాను శ్రోతల చేతికి చేరింది. అల్టిమేట్ ఇయర్స్ మూడు డ్రైవర్లతో తెచ్చిన యూనివర్సల్ మోడల్ ట్రిపుల్ ఫై 10 ధ్వనికి అభిమానులు పెరిగారు గానీ, దాని ఆకారం చాలామంది చెవుల్లో నిలిచేది కాదు. వాళ్లు దాన్ని విప్పించి, లోపలి డ్రైవర్లను తమ చెవి అచ్చుల్లోకి మార్పించుకున్నారు. చైనా సంస్థ యూనిక్ మెలొడీకి తొలి పేరు అలాంటి మార్పుల వల్లే వచ్చింది. అవే డ్రైవర్లు, వేరే గూడు. అయినా ధ్వని మారేది, ఎందుకంటే గొట్టాల పొడవు, కర్ణభేరికి దూరం మారితే పై స్వరాల తీరు మారుతుంది. కస్టమ్‌కూ యూనివర్సల్‌కూ మధ్య అసలు పోలిక కోరేవారికి ఇంతకన్నా మంచి ప్రయోగం దొరకదు.

2008లో లాజిటెక్ అల్టిమేట్ ఇయర్స్‌ను కొనేసింది. అప్పటికే హార్వే బయటికొచ్చి జేహెచ్ ఆడియో పెట్టారు. ఆ తర్వాత జరిగింది ఒక తలకిందుల మార్పు. 2015లో ఆయన ఆస్టెల్ అండ్ కెర్న్ సంస్థతో కలిసి తెచ్చిన లైలా, ఒక్కో చెవికి 12 డ్రైవర్లున్న యూనివర్సల్. విదేశీ ప్రయాణపు టికెట్టు అంత ధర. అత్యున్నత శ్రేణి అంటే అచ్చుతోనే అన్న నియమం దానితో పోయింది. ఫిట్‌ఇయర్ కూడా తన కస్టమ్ మోడళ్లను యూనివర్సల్ గూళ్లలో అమ్మింది. అంతకుముందు 2013లో వచ్చిన షూర్ ఎస్ఈ846, తర్వాత 2021లో వచ్చిన సెన్‌హైజర్ ఐఈ 900 కూడా ఈ దారిలోవే. ఐఈ 900లో ఉన్నది ఒక్క ఏడు మిల్లీమీటర్ల డైనమిక్ డ్రైవరే.

దిగువ శ్రేణిలో జరిగింది ఇంకా పెద్ద మార్పు. సగటు చెవిని అనుకరించే కొలత పరికరానికి ప్రమాణం 1981 నుంచీ ఉంది. గత దశాబ్దంలో హర్మన్ సంస్థలో షాన్ ఆలివ్ బృందం, శ్రోతలు నిజంగా ఏ ధ్వని సమతౌల్యాన్ని ఇష్టపడతారో పరీక్షలు పెట్టి ఇన్-ఇయర్‌లకు ఒక లక్ష్య రేఖ గీసింది. చైనా తయారీదార్లు ఆ కొలతలను చేతబట్టారు. 2022లో వచ్చిన మూన్‌డ్రాప్ చూ, సెవెన్‌హెర్ట్జ్ జీరో ఇయర్‌ఫోన్ల ధర విడుదలైనప్పుడు సుమారు 20 డాలర్లు. త్యాగరాజ కృతి వెనక తంబురా శ్రుతి నిలకడగా వినిపించే పరికరం విద్యార్థికి అందే ధరలోకి రావడం నాకు ఈ చరిత్రలోకెల్లా సంతోషకరమైన ఘట్టం.

మరి కస్టమ్‌కు ఏం మిగిలింది? గంటల తరబడి నొప్పి లేకుండా కూర్చోవడం, ప్రతిసారీ ఒకేచోట కూర్చోవడం, వేదిక మీద గెంతినా ఊడకపోవడం. ఇవి చిన్నవి కావు. చెవి నాళం మరీ ఇరుకుగానో వంకరగానో ఉండి ఏ టిప్పూ నిలవనివారికి అదొక్కటే మార్గం. కానీ బయటి శబ్దం ఆపడంలో అచ్చుదే పైచేయి అన్న మాట నిలవదు. యాక్రిలిక్ అచ్చులకు తయారీదార్లు చెప్పే సంఖ్య సాధారణంగా 26 డెసిబెల్స్ దగ్గర ఉంటే, లోతుగా దిగే ఈఆర్-4కు ఎటిమోటిక్ చెప్పేది 35కు తగ్గదు. అచ్చుకు ఇంకో బలహీనత కూడా ఉంది. బరువు పెరిగినా తగ్గినా, వయసు మీరినా చెవి మారుతుంది, అచ్చు మారదు. నచ్చకపోతే మరొకరికి అమ్ముకోవడమూ కష్టమే. కొనేముందు అదే గూటిలో విని చూసే వీలు లేదు.

అందుకే నా తీర్పు ఇది: వేదిక మీద పనిచేసేవారికి కస్టమ్, వినేవారికి యూనివర్సల్. యూనివర్సల్ కొన్నాక బాస్ లేదని పరికరాన్ని తప్పుపట్టేముందు టిప్పులు మార్చి చూడండి. చెవికి గాలి చొరకుండా అతుక్కోకపోతే మృదంగంలోని తొప్పి నాదం మొదట కారిపోతుంది. ఎడమ చెవికి ఒక సైజు, కుడి చెవికి మరొకటి కావలసి రావడం మామూలే. సీల్ కుదిరితే శబ్దం తగ్గించి వినవచ్చు, అది మరువకండి. 80 డెసిబెల్స్ దగ్గర వారానికి 40 గంటలే ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన హద్దు. కస్టమే కావాలనుకుంటే అచ్చు తీయించుకునే రోజునే ఆడియాలజిస్టు దగ్గర వినికిడి పరీక్ష కూడా చేయించుకోండి.