సొంత మైదానం లేని క్లబ్బులు: హైదరాబాద్ ఫుట్‌బాల్ ఆర్థికచరిత్ర (1950–2025)

వ్యాససంగ్రహం: స్వాతంత్ర్యానంతరం తొలి దశాబ్దంలో భారతదేశ ఫుట్‌బాల్‌కు హైదరాబాద్ ఒక రాజధాని. ఏడు దశాబ్దాల తరువాత దేశపు అగ్రశ్రేణి లీగులో ఆ నగరం పేరే లేకుండా పోయింది. ఈ పతనాన్ని సాధారణంగా క్రికెట్ ఆకర్షణతోనో, శిక్షకుల కొరతతోనో వివరిస్తారు. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు, హైదరాబాద్ ఎఫ్.సి., శ్రీనిది డెక్కన్ ఎఫ్.సి.లను ఆధారంగా చేసుకొని క్లబ్బుల పోషణ, మైదానాలపై హక్కు అనే రెండు అంశాల నుంచి ఆ చరిత్రను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: ఫుట్‌బాల్, హైదరాబాద్ సిటీ పోలీస్, పోషణ, ఫ్రాంచైజీ, స్టేడియం, సభ్యత్వం.

1. ప్రవేశిక

తెలుగు సాహిత్యచరిత్ర చదివినవారికి ‘ఆశ్రయం’ అనే మాట కొత్తది కాదు. కావ్యానికి కృతిభర్త ఉన్నట్టే కవికి పోషకుడు ఉండేవాడు. పోషకుడు మారితే కవి ఊరు మారేవాడు. ఓరుగల్లు సీమలో పోతన రాజాశ్రయాన్ని కాదని హాలికుడిగా బతికాడన్న ఐతిహ్యం నేటికీ అంతగా ప్రచారంలో ఉండటానికి కారణం, అది అందరూ నడిచిన దారికి భిన్నమైనది కావడమే. క్రీడాచరిత్రను ఈ పరిభాషతో చూడటం కొంత విడ్డూరంగా తోచవచ్చు. అయితే హైదరాబాద్ ఫుట్‌బాల్ విషయంలో ఇంతకంటే తగిన పరిభాష దొరకదు. అక్కడ క్లబ్బులు ఆశ్రయం మీద పుట్టాయి, ఆశ్రయం ఉన్నంతకాలం వెలిగాయి.

2. శాఖ నీడలో ఒక మహాజట్టు

1950లో సయ్యద్ అబ్దుల్ రహీం హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకు శిక్షకుడయ్యాడు. వృత్తిరీత్యా ఆయన ఉపాధ్యాయుడు. ఆ ఏడాది మొదలుకొని 1954 వరకు బొంబాయిలో జరిగే రోవర్స్ కప్పును ఆ జట్టు వరుసగా ఐదుసార్లు గెలిచింది. కలకత్తా మోహన్ బగాన్‌ను ఓడించి డ్యూరాండ్ కప్పు కూడా అందుకుంది. రాష్ట్రాల మధ్య జరిగే సంతోష్ ట్రోఫీలో హైదరాబాద్ 1956–57లోనూ, 1957–58లోనూ విజేత. రహీం శిక్షణలో భారత జట్టు 1951, 1962 ఆసియా క్రీడలలో స్వర్ణం సాధించింది. 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. పీటర్ తంగరాజ్, నూర్ మహమ్మద్, అజీజుద్దీన్, తులసీదాస్ బలరాం వంటి పేర్లు ఆ కాలపు జాతీయ జట్టులో హైదరాబాద్ వాటాను చెబుతాయి. 2024లో విడుదలైన ‘మైదాన్’ హిందీ చలనచిత్రం వల్ల రహీం జీవితం కొత్త తరానికి పరిచయమయింది. కాని ఆయన జట్టు ఏ డబ్బుతో నడిచిందన్న విషయం సినిమాకు అందేది కాదు.

ఆ జట్టు ఆర్థికవ్యవస్థ చాలా సరళమైనది. ఆటగాడు పోలీసు ఉద్యోగి. జీతం శాఖ ఇస్తుంది, సాధన శాఖ మైదానంలో జరుగుతుంది, ప్రయాణానికి శాఖ అనుమతి చాలు. ఆట ఆపిన తరువాత కూడా ఉద్యోగం ఉంటుంది, విరమణ తరువాత పింఛను వస్తుంది. ఔత్సాహిక క్రీడాకారులకే ఒలింపిక్స్‌లో చోటున్న ఆ రోజుల్లో ఇది అందరికీ అనుకూలించిన ఏర్పాటు. ఆటకు జీతం పుచ్చుకోకుండానే ఆటగాడు నెలజీతంతో ఆడగలిగాడు. పాతబస్తీలోని, సికింద్రాబాదులోని పేద కుటుంబాల పిల్లలకు ఒక పోలీసు ఉద్యోగం ఎంత పెద్ద ఆశో వేరే చెప్పనక్కరలేదు. రహీం పద్ధతుల గొప్పతనాన్ని తక్కువ చేయకుండానే ఒక మాట అనవచ్చు: పదమూడేళ్లపాటు ఒకే శిక్షకుడు ఒకే జట్టును తీర్చిదిద్దగలిగిన స్థిరత్వం ఈ జీతాల పట్టీ నుంచే వచ్చింది.

దాని లోపం కూడా అక్కడే ఉంది. పోలీసు జట్టుకు అభిమానులు ఉన్నారు, సభ్యులు లేరు. కలకత్తాలో 1889లో ఏర్పడిన మోహన్ బగాన్, 1920లో ఏర్పడిన ఈస్ట్ బెంగాల్ సభ్యత్వ క్లబ్బులు. చందా కట్టిన సభ్యుడు ఎన్నికల్లో ఓటు వేస్తాడు, జట్టు ఓడితే కార్యదర్శిని నిలదీస్తాడు. చందాలు, టిక్కెట్లు, వ్యాపారుల విరాళాలు కలిసి ఆ క్లబ్బులకు శాఖతో నిమిత్తం లేని ఆదాయాన్ని సమకూర్చాయి. ఆ డబ్బుతో అవి హైదరాబాద్ ఆటగాళ్లను పిలిపించుకున్నాయి. బలరాం 1957లో ఈస్ట్ బెంగాల్‌కు వెళ్లాడు. 1960లలో వెళ్లిన మహమ్మద్ హబీబ్ తన క్రీడాజీవితంలో అత్యధిక భాగం కలకత్తాలోనే గడిపాడు. 1977 సెప్టెంబరులో పెలే ఆడిన న్యూయార్క్ కాస్మోస్ జట్టుపై మోహన్ బగాన్ తరఫున గోలు చేసిన హైదరాబాదీ ఆయనే. ఇటువంటి వలసలను ద్రోహంగా చూపే ధోరణి పాత అభిమానుల మాటల్లో వినిపిస్తుంది. అది న్యాయం కాదు. శాఖ జీతానికి ఒక మెట్టు ఉంటుంది. ఆట ఎంత బాగా ఆడినా జీతం ఆ మెట్టు దాటదు.

1963 జూన్‌లో రహీం మరణించాడు. 1965–66లో ఆంధ్రప్రదేశ్ సంతోష్ ట్రోఫీ గెలిచింది. ఆ విజయం మళ్లీ రాలేదు. అప్పటికి పోలీసు జట్టు పేరు కూడా ఆంధ్రప్రదేశ్ పోలీస్‌గా మారింది. శాఖకు ఫుట్‌బాల్ అనేక బాధ్యతల్లో ఒకటి మాత్రమే. దాని మీద మక్కువ ఉన్న అధికారి బదిలీ అయితే జట్టుకు నియామకాలు కూడా తగ్గుతాయి. అడగడానికి సభ్యులు లేరు గనుక ఈ క్షీణత చప్పుడు లేకుండా జరిగిపోయింది.

3. మైదానం ఎవరిది?

హైదరాబాద్ నడిబొడ్డున ఉన్న ఫతే మైదాన్‌కు ఆ పేరు 1687 నాటి గోల్కొండ ముట్టడి వల్ల వచ్చిందని ప్రసిద్ధి. 1955 నవంబరులో న్యూజిలాండ్‌తో టెస్టు క్రికెట్ అక్కడే జరిగింది. 1967లో అది లాల్ బహదూర్ స్టేడియమైంది. ఫుట్‌బాల్, క్రికెట్, ప్రభుత్వోత్సవాలు అన్నీ అక్కడే. 1983 జనవరిలో నందమూరి తారక రామారావు, 2023 డిసెంబరులో రేవంత్ రెడ్డి ముఖ్యమంత్రులుగా ప్రమాణం చేసిన వేదిక అది. ప్రభుత్వ ఆస్తి గనుక ఇందులో ఆక్షేపించవలసింది లేదు. కాని పచ్చికను నమ్ముకొని బతికే ఆటకు బహిరంగ సభ ఎంత చేటు చేస్తుందో మైదానం చూసుకునేవారికి తెలుసు.

ఇక్కడ క్రికెట్ సంగతి గమనించదగినది. క్రికెట్ సంఘం ఫతే మైదాన్‌లో అద్దెదారుగా ఉండిపోక, ఉప్పల్‌లో సొంత స్టేడియం కట్టుకుంది. 2005 నుంచి అక్కడ అంతర్జాతీయ పోటీలు జరుగుతున్నాయి. టెలివిజన్ ప్రసార హక్కుల ఆదాయంలో జాతీయ బోర్డు నుంచి వచ్చే వాటా లేకుండా అటువంటి నిర్మాణం సాధ్యమయ్యేది కాదు. ఫుట్‌బాల్ సంఘానికి అలాంటి వాటా ఎన్నడూ లేదు. క్రికెట్ పాత మైదానాన్ని ఖాళీ చేసిందే తప్ప, అది ఫుట్‌బాల్ సొత్తు కాలేదు.

గచ్చిబౌలిలోని జి.ఎం.సి. బాలయోగి స్టేడియం 2002 జాతీయ క్రీడలు, 2003 ఆఫ్రో–ఆసియా క్రీడల సందర్భంగా రూపొందింది. దాని స్వరూపం అథ్లెటిక్స్ స్టేడియానిది. పరుగుబాట చుట్టూ ఉండటం వల్ల ప్రేక్షకుడు ఆటకు దూరమవుతాడు. సుమారు 30 వేలమంది పట్టే ఆవరణలో ఆరేడు వేలమంది కూర్చుంటే ఖాళీగా కనిపిస్తుంది. తెలుగు ప్రాంతపు స్టేడియాలు చాలావరకు ఇదే నమూనా. హనుమకొండ జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియంలో 2021 సెప్టెంబరులో జాతీయ ఓపెన్ అథ్లెటిక్స్ జరిగాయి. హర్‌మిలన్ బైన్స్ 1500 మీటర్ల పరుగులో 19 ఏళ్ల నాటి జాతీయ రికార్డును బద్దలు కొట్టింది అక్కడే. వరంగల్‌కు అది గర్వకారణం. అయితే అన్ని ఆటలకూ పనికివచ్చేలా కట్టిన స్టేడియం ఏ ఒక్క క్లబ్బుకూ ఇల్లు కాలేదు.

కలకత్తా మైదానంలోని క్లబ్బులకు కూడా భూమి సొంతం కాదు. అది రక్షణశాఖ అధీనంలోనిది. కాని కంచె, గ్యాలరీ, క్లబ్బు గుడారం వాటివి. సభ్యుడు సాయంత్రం అక్కడికి వెళ్లి కూర్చుంటాడు. మరోవైపు లండన్ ఆర్సెనల్ 2006లో 38 వేల మంది పట్టే హైబరీని వదిలి 60 వేల మంది పట్టే కొత్త స్టేడియానికి మారింది. అప్పు తీర్చడానికి ఏళ్ల తరబడి పొదుపు చేయవలసివచ్చినా పాత మైదానం స్థలంలో ఇళ్లు కట్టి అమ్ముకోగలిగింది. స్టేడియం ఒక ఆస్తి అయినప్పుడే ఇది సాధ్యం.

4. ఫ్రాంచైజీ కాలం

2010లో అఖిలభారత ఫుట్‌బాల్ సమాఖ్య తన వాణిజ్య హక్కులను ఐ.ఎం.జి.–రిలయన్స్‌కు 15 ఏళ్లకు, 700 కోట్ల రూపాయలకు అప్పగించింది. 2014లో ఎనిమిది జట్లతో ఇండియన్ సూపర్ లీగ్ మొదలయింది. అందులో హైదరాబాద్ లేదు. 2019 ఆగస్టులో పుణే సిటీ జట్టు మూతపడగా దాని స్థానంలో హైదరాబాద్ ఎఫ్.సి. వచ్చింది. విజయ్ మద్దూరి, వరుణ్ త్రిపురనేని దాని యజమానులు. మొదటి సీజన్‌లో జట్టు అట్టడుగున నిలిచింది.

తరువాతి రెండు సీజన్లు కోవిడ్ కారణంగా పూర్తిగా గోవాలోనే జరిగాయి. మనోలో మార్క్వెజ్ శిక్షణలో 2022 మార్చి 20న ఫతోర్దాలో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీలలో 3–1తో ఓడించి హైదరాబాద్ విజేత అయింది. లక్ష్మీకాంత్ కట్టిమణి మూడు పెనాల్టీలు ఆపాడు. ఆ సీజన్ అంతటిలో హైదరాబాద్ గడ్డమీద జట్టు ఒక్క పోటీ కూడా ఆడలేదు. సొంత మైదానంలో టిక్కెట్టు రూపంలో ఒక్క రూపాయి కూడా రాని విజయం అది.

ఫ్రాంచైజీ నమూనాలో ఖర్చు ముందు, రాబడి వెనుక. ఆటగాళ్ల జీతాలు, విదేశీ శిక్షకుల వేతనాలు, లీగుకు కట్టే రుసుము, స్టేడియం అద్దె, విమాన ప్రయాణాలు సీజన్ మొదలుకాగానే వచ్చి పడతాయి. ప్రసార ఆదాయం స్వల్పం, ప్రాయోజకులు ఫలితాలను బట్టి వస్తారు. ఈ వ్యత్యాసాన్ని యజమాని తన జేబులోంచి పూడ్చాలి. 2022–23లో రెండో స్థానంలో నిలిచిన జట్టు, ఏడాది తిరిగేసరికి జీతాల బకాయిలలో కూరుకుపోయింది. విదేశీ ఆటగాళ్లు వెళ్లిపోయారు. కొత్తవారిని నమోదు చేసుకోకుండా ఫిఫా నిషేధం విధించింది. 2023–24లో తంగ్‌బోయ్ సింగ్టో యువకులతో 22 పోటీలు ఆడించి ఒక్కటి గెలిపించగలిగాడు. ఆ కుర్రాళ్ల పట్టుదలకు దక్కవలసిన గుర్తింపు ఇంకా దక్కలేదు.

2024లో బి.సి. జిందాల్ సంస్థ క్లబ్బును తీసుకుంది. 2025 అక్టోబరులో అది ఢిల్లీకి తరలి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అయింది. పుణే నుంచి వచ్చిన చోటు హైదరాబాద్ మీదుగా ఢిల్లీకి చేరింది. ఆరేళ్లలో జట్టుకు అభిమానులు ఏర్పడ్డారు. గ్యాలరీలో పాటలు, జెండాలు పుట్టాయి. తరలింపును అడ్డుకునే హక్కు మాత్రం వారిలో ఎవరికీ లేదు. పోలీసు జట్టు కాలంలో లేని సభ్యత్వం ఇప్పుడూ లేదు. రెండు నెలల తరువాత, డిసెంబరు 13న లియోనెల్ మెస్సీ హైదరాబాద్ వచ్చాడు. ఆయనను చూడటానికి వేలమంది డబ్బు పెట్టి టిక్కెట్లు కొన్నారు. ఆ వేడుక జరిగింది ఉప్పల్ క్రికెట్ స్టేడియంలో.

5. అజీజ్‌నగర్ ప్రయోగం

దీనికి భిన్నమైన ప్రయత్నం ఒకటి నగరం అంచున సాగింది. విద్యాసంస్థల సమూహానికి చెందిన శ్రీనిది డెక్కన్ ఎఫ్.సి. 2021లో ఐ–లీగులో ప్రవేశించింది. అజీజ్‌నగర్‌లో ‘డెక్కన్ అరీనా’ పేరిట సుమారు 1,500 మంది కూర్చునే సొంత మైదానాన్ని అమర్చుకుంది. పరుగుబాట లేదు, ప్రేక్షకుడు గీత పక్కనే ఉంటాడు. ఇదీ ఆశ్రయమే, రాజు స్థానంలో విద్యాసంస్థ ఉంది. అయినా మైదానం, అకాడమీ, జట్టు ఒకే గొడుగు కింద ఉండటం వల్ల ఖర్చు అదుపులో ఉంటుంది, సాధనకు ఎవరి అనుమతీ అక్కరలేదు.

2022–23, 2023–24 రెండు సీజన్లలోనూ శ్రీనిది ఐ–లీగు రెండో స్థానంలో నిలిచింది. ఆ రెండేళ్లూ మొదటి స్థానంలో నిలిచిన రౌండ్‌గ్లాస్ పంజాబ్, మహమ్మదన్ స్పోర్టింగ్ సూపర్ లీగుకు ఎదిగాయి. శ్రీనిదికి ఆ ఒక్క మెట్టు అందలేదు. అంది ఉంటే, 1,500 కుర్చీల మైదానం ఆ లీగుకు చాలదు గనుక, అజీజ్‌నగర్ నుంచి మళ్లీ గచ్చిబౌలికి వెళ్లి అద్దె మాట్లాడుకోవలసి వచ్చేది.