సమన్లు ఎవరి పేరున?

1898 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో 319వ సెక్షన్ చాలా చిన్నది. ఇరవై ఒకటి నుంచి అరవై ఏళ్ల మధ్య వయసున్న పురుషులందరూ జ్యూరర్లుగానో అసెసర్లుగానో కోర్టుకి హాజరు కావలసినవాళ్లే అంటుంది. ఆ వెంటనే మినహాయింపులు. వాటిలో స్త్రీల ఊసు లేదు. అసలు పిలవనివాళ్లకి మినహాయింపు ఎందుకు?

జాబితా తయారుచేసేది సెషన్స్ జడ్జీ, కలెక్టరూ. అక్షర క్రమంలో పేరు, ఊరు, వృత్తి రాసి కచేరీ గోడకి అంటించేవారు. అభ్యంతరాలు విని ఏటా సవరించేవారు. పిలిచినా రానివాడికి వంద రూపాయల దాకా జరిమానా. కృష్ణా జిల్లాకి ఆ గోడ బందరులో ఉండేది.

మా అమ్మ పుట్టిల్లు దివిసీమలో, అవనిగడ్డ పక్క పల్లె. వాళ్ల తాతగారు అసెసరుగా వెళ్లిన వైనం మా ఇంట్లో కథలా చెప్పుకుంటారు. పులిగడ్డ రేవులో పడవెక్కి, ఇవతలి ఒడ్డున బండి మాట్లాడుకుని బందరు చేరేవాడట. తిరిగొచ్చాక అరుగు మీద కూర్చుని కేసంతా వినిపించేవాడట. అసెసర్లు చెప్పినదానికి జడ్జి కట్టుబడాలని చట్టంలో లేదు. అయినా ఊళ్లో ఆయన మాటకి బరువొచ్చింది. ఆ తర్వాత తగువులన్నీ ఆ అరుగు మీదే. కాపురం చెడిన పిల్ల తలుపు చాటున నిలబడి, తన బతుకుని అయిదుగురు మగవాళ్లు తేల్చటం వినేది. వాళ్లకి మజ్జిగ అందించిన అమ్మ నాయనమ్మకి ప్రతి తగువూ కంఠతా వచ్చు. ఆమెని ఎవరూ ఏమీ అడగలేదు.

తీర్పు చెప్పేచోట స్త్రీ లేకపోతే ఏమవుతుందో 1881లో సూరత్ చూపించింది. విజయలక్ష్మి అనే బ్రాహ్మణ వితంతువుకి శిశుహత్య కేసులో ఉరిశిక్ష వేశారు. అప్పీలులో అది ద్వీపాంతరవాసంగా మారింది. ఆమెని ఆ స్థితికి తెచ్చిన మగవాడిని ఎవరూ బోనెక్కించలేదు. ఆ కోపంలోంచే మరుసటి ఏడాది తారాబాయి షిండే మరాఠీలో 'స్త్రీ పురుష తులనా' రాసింది. కోర్టులో దొరకని చోటుని ఆమె అచ్చులో వెతుక్కుంది.

1955 సవరణతో అసెసర్లు పోయారు. జ్యూరీ పోవటానికి 1959 నానావతి కేసే కారణమని అందరూ చెబుతారు గానీ, 1958లోనే లా కమిషన్ దాన్ని తీసెయ్యమంది. 1973లో చేసిన కొత్త కోడ్‌లో జ్యూరీ లేదు. అది 1974 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చింది. అప్పటికి మా అమ్మకి ఇరవై ఏళ్లు, గుడివాడ కోడలు.

జాబితాలో చోటివ్వటం ఒకటి, పేరు పట్టటం ఇంకొకటి. మొదటి సాధారణ ఎన్నికలకి ఓటర్ల జాబితాలు రాస్తున్నప్పుడు సొంత పేరు చెప్పకుండా ఫలానావారి భార్యని, ఫలానావారి కూతుర్ని అన్నవాళ్లు చాలామంది. దాదాపు 28 లక్షల మంది స్త్రీల పేర్లు తీసేశారు. ఎక్కువ ఉత్తరాదివే. కానీ పేరు అడిగితే మొగుడి పేరు చెప్పటం మన గుడివాడలో లేదా ఏం?

అమ్మ ఇప్పుడు టెక్సాస్‌లో చెల్లి దగ్గర ఉంటోంది. గ్రీన్‌కార్డు ఉంది, పౌరసత్వం లేదు. 2022లో ఆమెకి జ్యూరీ సమన్లు వచ్చాయి. అక్కడ ఓటర్ల జాబితాని, లైసెన్సులు, గుర్తింపు కార్డులు ఉన్నవాళ్ల జాబితాని కలిపి అందులోంచి పేర్లు తీస్తారు. పౌరులు కానివాళ్లు జ్యూరీకి అనర్హులు. అయినా కాగితం వచ్చింది. చెల్లి 'పౌరురాలు కాదు' అన్న గడిలో గుర్తు పెట్టించి పంపింది. రెండు వారాలకి ఇంకో కాగితం. ఈసారి ఇంటిపేరు వెనక్కి, పేరు ముందుకి. పాత కార్డులో ఒకలా, కొత్త కార్డులో ఒకలా ఎక్కించటంతో అమ్మ ఇద్దరయింది. ఒక మనిషి జవాబు చెప్పింది, రెండో మనిషి చెప్పలేదు. ఊరుకుంటే జరిమానా. తొందరలో తప్పు గడిలో గుర్తు పెడితే, పౌరురాలినని అబద్ధం చెప్పినట్టయి దేశం నుంచి పంపేసే దాకా పోవచ్చు. ఆ గడి ఎంతుంటుందో తెలుసా? మినపగింజంత.

ఆ టెక్సాస్‌లోనూ స్త్రీలని జ్యూరీలో కూర్చోనిచ్చింది 1954లోనే. ఆ ఏడే అమ్మ పుట్టింది.

చెల్లి రెండు కాగితాలూ గ్రీన్‌కార్డూ పట్టుకుని అమ్మని క్లర్కు కౌంటరుకి తీసుకెళ్లింది. ఇద్దరూ ఒకరేనని నమ్మించటానికి గంట పట్టింది. చివరికి రెండు పేర్లూ కొట్టేశారు. ఆ రాత్రి అమ్మ నాకు ఫోన్ చేసింది.

"రెండు పేర్లతో పిలిచి ఒక్క పేరుతోనూ రానివ్వలేదే" అంది.

పీడా పోయిందిలే అన్నాను.

"అది కాదే. కేసేమిటో కనుక్కోమన్నాను, మీ చెల్లి అడగలేదు. అందులో ఆడపిల్ల ఎవరన్నా ఉందేమో."