నాలుక కింది మాత్ర నుంచి నీటి మాత్ర దాకా

ప్రత్యేక సంచికకు ఏదైనా రాయమని మన కార్యదర్శిగారు అడిగినప్పుడు అబిడ్స్ పాత ముచ్చట్లు రాద్దామనుకున్నాను. కాని గత నవంబరులో నాకు జరిగిన ఒక సంగతి రాస్తే మిత్రులకు ఎక్కువ ఉపయోగపడుతుందనిపించింది. అదీ అబిడ్స్‌లో జరిగినదే.

లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వడానికి ఉదయమే బయలుదేరాను. అంతకు ముందు రెండు రోజులుగా విరేచనాలు. అయినా బి.పి. మాత్ర, నీటి మాత్ర మానలేదు. మోకాలి నొప్పికి మందుల షాపులో అడిగి తెచ్చుకున్న డైక్లోఫెనాక్ కూడా వేసుకుంటున్నాను. గంటసేపు బెంచీ మీద కూర్చుని, నా పేరు పిలవగానే చటుక్కున లేచాను. కళ్ళు చీకట్లు కమ్మాయి. తెలివి వచ్చేసరికి ఎవరో అబ్బాయి నా తల ఒళ్ళో పెట్టుకుని మంచినీళ్ళు పట్టిస్తున్నాడు. మా వాడు వచ్చి నాంపల్లిలో ఒక డాక్టరుగారికి చూపించాడు. నిలబెట్టి చూస్తే బి.పి. 90కి పడిపోయింది, రక్తంలో సోడియం తగ్గింది. ఆయన నా మాత్రలన్నీ బల్ల మీద పరిచి, "ఇవేమిటో, ఎందుకో మీకు తెలుసా అండీ?" అన్నారు. ముప్పై మూడేళ్ళ సర్వీసులో ఏ ఫైలు ఏ బీరువాలో ఉందో చెప్పగలిగిన నేను, రోజూ మింగే అయిదు మాత్రల సంగతి చెప్పలేకపోయాను. సిగ్గుపడ్డాను. ఆ తర్వాత చదివి, అడిగి తెలుసుకున్నది ఇది.

మన ఊరికి ఈ చరిత్రతో సంబంధం ఉందని తెలిసి ఆశ్చర్యపోయాను. అబిడ్స్ నుంచి బ్యాంక్ స్ట్రీట్ మీదుగా నడిస్తే వచ్చే కోఠీ రెసిడెన్సీలో, ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ కాలంలో, ఎడ్వర్డ్ లారీ అనే సర్జన్ ఉండేవారు. హైదరాబాదు వైద్య పాఠశాలకూ ఆయనే ప్రిన్సిపాలు. మత్తుకిచ్చే క్లోరోఫారం గుండెను ఆపుతుందా, ఊపిరిని ఆపుతుందా అన్న వివాదాన్ని తేల్చడానికి ఆయన 1888లో ఒక కమిషన్, 1889లో రెండవ కమిషన్ నడిపారు. నిజాం ప్రభువు ధనసాయం చేశారు. ముందుగా ఆగేది ఊపిరేగాని గుండె కాదని కమిషన్ తేల్చింది. కాని 1911లో గుడ్‌మన్ లెవీ, మత్తు తక్కువగా ఉన్నప్పుడు క్లోరోఫారం గుండె లయను చెదరగొట్టి ప్రాణం తీయగలదని రుజువు చేశారు. వందల జంతువుల మీద చేసిన పరీక్ష కూడా ఒక ప్రమాదాన్ని కనిపెట్టలేకపోయింది. మందు విషయంలో "ఏమీ కాదులే" అనే మాట ఎంత జాగ్రత్తగా అనాలో ఇది చెబుతుంది.

ఆ రెండవ కమిషన్ కోసం లండన్ నుంచి హైదరాబాదు వచ్చిన డాక్టరు లాడర్ బ్రంటన్. 1867లో ఎడిన్‌బరో ఆసుపత్రిలో పనిచేసే ఇరవైమూడేళ్ళ కుర్రవాడిగా, గుండెనొప్పితో మెలికలు తిరిగే రోగికి గుడ్డ మీద అమైల్ నైట్రైట్ చుక్కలు వేసి వాసన చూపించిన మనిషి ఆయనే. నిమిషంలోపు ముఖం ఎర్రబారి నొప్పి పోయింది. 1879లో విలియం మరెల్ అదే పనికి నైట్రోగ్లిజరిన్ వాడవచ్చునని చూపారు. డైనమైట్‌లో వాడిన పదార్థమే అది! డైనమైట్ కనిపెట్టిన ఆల్ఫ్రెడ్ నోబెల్‌కు చివరి రోజుల్లో డాక్టర్లు దాన్నే మందుగా రాశారు. మన జేబుల్లో ఉండే సార్బిట్రేట్ ఈ వంశంలోదే. ఇది శరీరంలో నైట్రిక్ ఆక్సైడును పుట్టించి రక్తనాళాలను వదులు చేస్తుంది. గుండెకు బరువు తగ్గుతుంది. నైట్రిక్ ఆక్సైడు చేసే ఈ పనిని కనుగొన్నవారికి 1998లో నోబెల్ బహుమతి వచ్చింది. నాళాలు వదులు కావడం వల్లనే తలనొప్పి, తల తిరగడం వస్తాయి. కనుక ఈ మాత్ర కూర్చుని నాలుక కింద పెట్టుకోవాలి. సిల్డెనాఫిల్ వంటి మందులు వాడేవారు దీన్ని తాకకూడదు, బి.పి. ప్రమాదకరంగా పడిపోతుంది.

ఇక నీటి మాత్రలు. కాళ్ళ వాపు, ఆయాసం ఉన్నవారికి 1785 నాటికే ఇంగ్లండులో విలియం విదరింగ్ ఫాక్స్‌గ్లవ్ ఆకు ఇచ్చి గ్రంథం రాశారు. అదే డిజిటాలిస్, నేటి డిగాక్సిన్ దాని సంతతి. మందుకూ విషానికీ మధ్య దూరం చాలా తక్కువని ఆయనే హెచ్చరించారు. ఆకలి పోవడం, వాంతులు, వస్తువులు పసుపుపచ్చగా కనిపించడం మోతాదు మించిన గుర్తులు. 1919 తర్వాత పాదరసం ఇంజెక్షన్లు వచ్చాయి. 1950ల చివర క్లోరోథయజైడ్ మాత్ర, 1960లలో ఫ్రూసెమైడ్ వచ్చాక ఆ బాధ తప్పింది. ఫ్రూసెమైడ్‌నే మనం లాసిక్స్ అంటాం. ఆరు గంటలు పనిచేస్తుందని ఆ పేరు పెట్టారంటారు.

ఈ మాత్రలు మూత్రపిండంలో ఉప్పు తిరిగి రక్తంలోకి రాకుండా అడ్డుపడతాయి. ఉప్పు వెంట నీరు పోతుంది. వాటితోపాటే పొటాషియం కూడా పోయి కండరాలు పట్టేయడం, నీరసం, గుండె దడ రావచ్చు. థయజైడ్ జాతి మాత్రలతో సోడియం తగ్గి తికమక, తూలుడు రావచ్చు. యూరిక్ ఆసిడ్ పెరిగి బొటనవేలు వాయవచ్చు. చక్కెర కొంచెం పెరగవచ్చు. స్పైరనోలాక్టోన్ తీరు వేరు. అది పొటాషియాన్ని నిలబెడుతుంది, మగవారికి రొమ్ము వాపు తేవచ్చు. అది వేసుకునేవారు డాక్టరును అడగకుండా రోజూ కొబ్బరినీళ్ళు తాగడం, "తక్కువ సోడియం" ఉప్పు వాడడం మంచిది కాదు. ఆ ఉప్పులో ఉండేది పొటాషియమే.

బి.పి. మందులకు మన దేశపు వాటా సర్పగంధ. బొంబాయి డాక్టరు రుస్తుం జాల్ వకీల్ 1949లో బ్రిటిష్ పత్రికలో దాని గుణం వివరించాక ప్రపంచమంతా వాడింది. అయితే కొందరిలో తీవ్రమైన మనోవ్యాకులత కలిగించడంతో వెనక్కు తగ్గింది. 1960లలో జేమ్స్ బ్లాక్ ప్రొప్రనలాల్ తెచ్చారు. 1988లో ఆయనకు నోబెల్ వచ్చింది. అటెనలాల్, మెటోప్రొలాల్ దాని తమ్ముళ్ళు. ఇవి నాడిని నెమ్మది చేస్తాయి. ఉబ్బసం ఉన్నవారు డాక్టరుకు ముందే చెప్పాలి. చక్కెర పడిపోయినప్పుడు వచ్చే గుండెదడను ఇవి కప్పిపుచ్చుతాయి. హఠాత్తుగా మానితే గుండెనొప్పి తిరగబెట్టవచ్చు. బ్రెజిల్ రక్తపింజరి విషంపై జరిగిన పరిశోధన నుంచి పుట్టిన కాప్టోప్రిల్ 1981లో వచ్చింది. ఎనలాప్రిల్, రామిప్రిల్ ఆ కోవలోవి. వీటితో కొందరికి వదలని పొడిదగ్గు వస్తుంది. దగ్గు మందులు సీసాలకు సీసాలు తాగేవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. లొసార్టన్, టెల్మిసార్టన్ మాత్రలతో ఆ దగ్గు తక్కువ. పెదవులు, నాలుక వాస్తే మాత్రం వెంటనే ఆసుపత్రికి పోవాలి. ఆమ్లోడిపిన్‌తో పాదాలు వాయవచ్చు. అది ఒంట్లో నీరు ఎక్కువై వచ్చిన వాపు కాదు కనుక దానికి సొంతంగా నీటి మాత్ర చేర్చుకోవడం పొరపాటు.

ఈ మాత్రలు మనకు అందుబాటు ధరలో దొరకడంలో హైదరాబాదు పాత్ర చిన్నది కాదు. సోవియట్ సహకారంతో బాలానగర్‌లో ఐ.డి.పి.ఎల్. వెలిసింది. అక్కడ పనిచేసిన అంజిరెడ్డిగారు 1984లో డాక్టర్ రెడ్డీస్ స్థాపించి మొదట తయారుచేసినది బి.పి. మందు మిథైల్‌డోపాయే. 1970 పేటెంటు చట్టం తయారీ పద్ధతికే తప్ప మందుకు పేటెంటు ఇవ్వకపోవడం వల్ల మన కంపెనీలు తమ పద్ధతిలో చౌకగా చేయగలిగాయి. 2005లో ఆ వెసులుబాటు పోయినా, పాత మాత్రలు చౌకగానే మిగిలాయి.

మాత్ర చౌక అయినంత మాత్రాన సరిపోదు. మా సెక్షన్‌లో నాతో పనిచేసిన ఒక మిత్రుడు, "బి.పి. నార్మల్‌కు వచ్చింది గదా, ఇంకా ఎందుకు?" అని మాత్ర ఆపేశాడు. నార్మల్‌కు వచ్చింది మాత్ర వల్లనే అని ఎవరూ చెప్పలేదు. నాలుగు నెలలకు పక్షవాతం వచ్చింది. మరుసటి ఏడు లైఫ్ సర్టిఫికెట్ల వేళకు ఆయన లేడు. నేను తెలియక అన్నీ మింగి పడ్డాను. ఆయన తెలియక మానేసి పోయాడు. రెండు తప్పులకూ మూలం ఒకటే.

అందుకని ఈ నాలుగు మాటలు. మాత్రల అసలు పేర్లు, మోతాదు ఒక చీటీ మీద రాసి జేబులో ఉంచుకోండి, ఇంట్లోవారికీ చూపించండి. నీటి మాత్ర ఉదయం పూట వేసుకుంటే రాత్రి నిద్ర చెడదు, చీకట్లో పడే భయం తగ్గుతుంది. వాంతులు, విరేచనాలు, ఎండదెబ్బ అయినప్పుడు అదే మోతాదు కొనసాగించాలా అని డాక్టరుకు ఫోను చేసి అడగండి. ఇలాంటి మందులు వాడుతూ నొప్పి మాత్ర సొంతంగా వేసుకోకండి, మూత్రపిండాలు దెబ్బతింటాయి. డాక్టరు చెప్పినప్పుడల్లా సోడియం, పొటాషియం, క్రియాటినిన్ పరీక్ష చేయించుకోండి. ఏ మాత్రా మీ అంతట మీరు ఆపవద్దు, పెంచవద్దు.

నా మందుల్లో డాక్టరుగారు ఒకటి తీసేశారు, ఒకటి సగం చేశారు. వచ్చే నవంబరులో మళ్ళీ అబిడ్స్ వెళ్తాను. పేరు పిలిచినా సరే, బెంచీ అంచు పట్టుకుని నిదానంగా లేస్తాను. మీరూ అలాగే లేవండి.