హోసూరు–కృష్ణగిరి భూమి రికార్డుల నిల్వ వ్యవస్థ

తమిళనాడులోని కృష్ణగిరి జిల్లాలో ప్రతి సర్వే నంబరుకూ సంబంధించిన హక్కు, విస్తీర్ణం, శిస్తు, సాగు వివరాలను గ్రామం నుంచి రాష్ట్రం దాకా అంచెలంచెలుగా భద్రపరిచే ఏర్పాటును ఈ వ్యాసం వివరిస్తుంది. జిల్లా కింద తాలూకా, దాని కింద ఫిర్కా, ఆ కింద రెవెన్యూ గ్రామం, గ్రామంలో సర్వే నంబరు, దానికి సబ్‌డివిజన్ ఉంటాయి. ఇలా ప్రతి అంశమూ తన పైనున్న ఒకే ఒక్క అంశానికి లోబడి ఉండే అమరికను శ్రేణీకృత దత్తాంశం అంటారు.

ఈ శ్రేణి కంప్యూటర్ల కంటే చాలా పాతది. 1792 నాటి శ్రీరంగపట్నం సంధితో బారామహల్ ప్రాంతం ఈస్టిండియా కంపెనీ చేతికి వచ్చినప్పుడు అలెగ్జాండర్ రీడ్, ఆయన సహాయకుడు థామస్ మన్రో అక్కడ పొలాలను కొలిపించి, రైతు పేరిటే శిస్తు కట్టే పద్ధతికి పునాది వేశారు. బాలాఘాట్ అనిపించుకున్న హోసూరు సీమ 1799లో టిప్పు పతనం తర్వాత కలిసింది. అసలు లెక్క గ్రామంలో కరణం దగ్గర, దాని సారాంశం తాలూకా కచేరీలో, మొత్తాలు కలెక్టరు దగ్గర ఉండేవి కాబట్టి పై అంచెకు పోయేకొద్దీ వివరం తగ్గి, మూలం అట్టడుగునే మిగిలేది. 1980లో తమిళనాడు ప్రభుత్వం కరణం వంటి గ్రామాధికారుల పదవులను రద్దు చేసి, గ్రామ పరిపాలనాధికారులను నియమించింది. అదే కాలంలో, 1979 నుంచి 1987 వరకు, యు.డి.ఆర్. అనే పేరుతో పట్టాల సవరణ జరిగింది. తర్వాత కంప్యూటర్లలోకి ఎక్కింది ప్రధానంగా ఈ సవరణలో తయారైన రిజిస్టర్లే కనుక, వాటిలో దొర్లిన తప్పులు కూడా వాటితోపాటే ఎక్కాయి.

శ్రేణీకృత దత్తాంశాన్ని యంత్రంలో దాచే పద్ధతి అమెరికాలో, అపోలో యాత్రల రాకెట్ విడిభాగాల చిట్టా కోసం ఐబీఎం రూపొందించి 1968లో నడిపించిన ఐ.ఎం.ఎస్. వ్యవస్థతో ప్రసిద్ధికెక్కింది. 1970లో ఎడ్గార్ కాడ్ పట్టికల పద్ధతిని ప్రతిపాదించాక, శ్రేణిని కూడా పట్టికల్లోనే సంకేత సంఖ్యలతో సూచించడం వాడుకలోకి వచ్చింది. భారతదేశంలో భూమి రికార్డుల కంప్యూటరీకరణ 1988–89లో ఎనిమిది జిల్లాల్లో ప్రయోగంగా మొదలైంది. వాటిలో ఒకటి అప్పటి ఆంధ్రప్రదేశ్‌లోని రంగారెడ్డి జిల్లా.

తమిళనాడులో జాతీయ సమాచార విజ్ఞాన కేంద్రం రూపొందించిన 'తమిళ్ నిలం' తొలిదశలో తాలూకా కచేరీలోనే సర్వరు పెట్టి పనిచేసింది. నెట్‌వర్కులు నమ్మదగినవి కాని ఆ రోజుల్లో ఇది తెలివైన నిర్ణయమే: లైను తెగినా హోసూరులో చిట్టా (పట్టాదారు భూముల పద్దు) నకలు ఇవ్వడం ఆగదు. అయితే తాలూకాకొక సర్వరంటే, ప్రతిచోటా బ్యాకప్, యు.పి.ఎస్., మరమ్మతు చేసే మనిషి కావాలి. పైగా పై అంచెలోని నకలు ఎప్పుడూ పాతబడే ఉంటుంది. ఆ తర్వాత దత్తాంశం రాష్ట్ర స్థాయి కేంద్రానికి చేరి, తాలూకా కచేరీలు అక్కడికి అనుసంధానమయ్యాయి. మూలం అడుగునుంచి పైకి మారడం ఈ రెండు శతాబ్దాల చరిత్రలో అసలైన మలుపు.

ఇలాంటి కేంద్రానికి సర్వర్లను ఎంచేటప్పుడు పనిని విడదీయడం మొదటి మెట్టు. దత్తాంశ సర్వరుకు మెమరీ, వేగమైన డిస్కులు ముఖ్యం. దరఖాస్తుల రద్దీని మోసే అప్లికేషన్ సర్వర్లను అవసరాన్నిబట్టి పెంచుకోవచ్చు. ఒక డిస్కు చెడినా దత్తాంశం పోకుండా పలు డిస్కులను జతకట్టే రైడ్ పద్ధతి, రోజువారీ బ్యాకప్, మరో ఊళ్లో విపత్తు కాలపు నకలు తప్పనిసరి. చిట్టా పద్దుకు పట్టే చోటు చాలా తక్కువ; బరువంతా స్కాన్ చేసిన పత్రాలదే. అందుకే తరచూ అడిగేవాటిని వేగమైన డిస్కులపైనా, అరుదుగా అడిగేవాటిని చవకైన డిస్కులు, టేపులపైనా ఉంచే అంచెల నిల్వ ఇక్కడ బాగా అతుకుతుంది.

పటాల విషయంలో మాత్రం కొలబ్‌ల్యాండ్ అనే సాఫ్ట్‌వేర్ వేరే దారి పట్టింది. ఎఫ్.ఎం.బి. అనే క్షేత్ర కొలతల పుస్తకంలో సర్వే రాళ్లను కలిపే ఆధారరేఖ పొడవు, దానినుంచి ప్రతి మలుపుకూ ఉన్న అడ్డదూరం అంకెల్లో ఉంటాయి. ఆ అంకెలనే ఎక్కిస్తే యంత్రమే గట్లను గీస్తుంది కాబట్టి, బొమ్మ కంటే చాలా తక్కువ చోటు పడుతుంది, విస్తీర్ణమూ సరిచూసుకోవచ్చు.

యంత్రాల పరిమాణం కంటే కష్టమైనది శ్రేణి మారడం. హోసూరు మొదట సేలం జిల్లాలో ఉండి, 1965లో ధర్మపురి జిల్లాలోకి, 2004 ఫిబ్రవరి 9న కృష్ణగిరి జిల్లాలోకి వచ్చింది. ఆపైన శూళగిరి, బర్గూరు, అంచెట్టి కొత్త తాలూకాలయ్యాయి. పొలం అంగుళమైనా కదలకపోయినా దాని చిరునామా మారింది. జిల్లా, తాలూకా సంకేతాలనే గుర్తింపుగా వాడిన వ్యవస్థలో ప్రతి విభజనకూ పాత దస్త్రాలన్నిటినీ కొత్త సంకేతాలతో ముడిపెట్టాల్సి వస్తుంది. 2019లో నగరపాలక సంస్థ అయిన హోసూరు పట్టణ భాగంలో వార్డు, బ్లాకు, టౌన్ సర్వే నంబరు అనే వేరే అంచెలున్నందున, అంచెల సంఖ్య స్థిరమనుకుని చేసిన రూపకల్పన ఇక్కడ నిలవదు. పేరుతో వెతకడమూ నమ్మదగింది కాదు. తమిళ లిపిలో క, గ లకు ఒకే అక్షరం కావడంతో ఇక్కడి తెలుగువారి పేర్లు కొన్ని ఒకదానితో ఒకటి కలిసిపోతాయి.

కేంద్ర ప్రభుత్వం 2021లో ప్రారంభించిన, అక్షరాలూ అంకెలూ కలిసిన పద్నాలుగు స్థానాల భూ-ఆధార్ సంఖ్య భూభాగపు అక్షాంశ రేఖాంశాలపై ఆధారపడుతుంది కాబట్టి, సూత్రప్రాయంగా జిల్లా మారినా అది మారనక్కర్లేదు. అయినా తమిళనాడు ఈ-సేవల్లో చిట్టా చూసుకోవాలంటే జిల్లా, తాలూకా, గ్రామం వరసగా ఎంచుకుని, ఆ తర్వాతే పట్టా నంబరు, సర్వే నంబరు వంటివి ఇవ్వాలి.