గీతలు పడినా పాడేలా పుట్టింది: సీడీ ప్లేయర్ కథ

ఈ ఎపిసోడ్‌లో ఒక పాత మెషీన్ కథ చెప్తాను. మీ ఇంట్లో కూడా అటక మీదో, టీవీ స్టాండు కింది అరలోనో అది ఉండే ఉంటుంది. అదే సీడీ ప్లేయర్.

మా ఇంట్లో దాన్ని కిందికి దించింది అమ్మమ్మ గొంతు కోసం. 2004లో పిన్ని పెళ్ళికి అమ్మమ్మ అప్పగింతల పాట పాడింది. మావయ్య దాన్ని రికార్డు చేసి, ఒక సీడీలో రాయించి పెట్టాడు. ఇప్పుడు అమ్మమ్మ లేదు. ఆ గొంతు ఇంకెక్కడా లేదు, ఆ ఒక్క సీడీలో తప్ప. పెట్టి చూస్తే ప్లేయర్ "నో డిస్క్" అంది. రిపేరు షాపుకి తీసుకెళ్తే "లెన్సు పోయిందండీ, పారేయండి" అన్నారు.

పారేసే ముందు అసలిది ఎలా పనిచేస్తుందో తెలుసుకుందాం అనుకున్నా. అక్కడే అసలు కథ దొరికింది.

అంతకుముందు గ్రామఫోన్ రికార్డు మీద ముల్లు రాసుకుంటూ పాడేది. అంటే పాడిన ప్రతిసారీ రికార్డు కొంచెం అరిగేది. ముల్లు బదులు వెలుతురుతో చదివితే అరుగుదలే ఉండదు కదా! ఫిలిప్స్, సోనీ కంపెనీలు కలిసి కూర్చుని 1980లో దీనికి నియమాలు రాసుకున్నాయి. 1982 అక్టోబర్ 1న సోనీ సీడీపీ-101 అనే ప్లేయర్ జపాన్‌లో అమ్మకానికి వచ్చింది. ధర 1,68,000 యెన్లు.

కానీ ఒక పెద్ద చిక్కుంది. సీడీలో పాట అంతా కంటికి కనపడని చిన్న చిన్న గుంటల్లో ఉంటుంది. ఆ గుంటల వరస చుట్టలు చుట్టలుగా 5 కిలోమీటర్లకు పైనే సాగుతుంది. ఒక వెంట్రుక మందంలో దాదాపు 40 వరసలు పడతాయి. మరి ఇంట్లో దుమ్ము, పిల్లల వేలిముద్రలు, గీతలు? వాటిని ఆపలేం. అందుకని అవి పడతాయనే లెక్కతోనే దీన్ని తయారు చేశారు.

మొదటి ఉపాయం ప్లాస్టిక్. గుంటల పైన 1.2 మిల్లీమీటర్ల పారదర్శకమైన పొర ఉంటుంది. లేజర్ కిరణం ఆ పొర మీద వెడల్పుగా పడి, లోపలికి వెళ్ళేసరికి సన్నని చుక్కవుతుంది. పైన ఉన్న దుమ్ము దానికి మసకగానే కనిపిస్తుంది.

రెండోది లెక్కలు. 1960లో అమెరికాలో ఇర్వింగ్ రీడ్, గుస్టావ్ సాలమన్ అనే ఇద్దరు ఐదు పేజీల వ్యాసం రాశారు. అసలు అంకెలకు కొన్ని అదనపు అంకెలు జోడిస్తే, మధ్యలో కొన్ని చెరిగిపోయినా మిగతావాటి నుంచి వాటిని మళ్ళీ రాబట్టొచ్చు. సీడీలో దీనికితోడు పాటని పేకముక్కల్లా కలిపేస్తారు. ఒక గీత వరసగా కొన్ని ముక్కల్ని చెరిపేసినా, తిరిగి సర్దేటప్పుడు ఆ నష్టం చెల్లాచెదురవుతుంది. దాదాపు రెండున్నర మిల్లీమీటర్ల వరస పోయినా పాట చెక్కుచెదరదు.

మీరు రోజూ కిరాణా కొట్లో స్కాన్ చేసే క్యూఆర్ కోడ్ మూల చిరిగినా డబ్బులు వెళ్తాయి కదా? దాని వెనకున్నదీ ఈ రీడ్-సాలమన్ లెక్కే.

సరే, మా ప్లేయర్ సంగతికొద్దాం. ఒక పరీక్ష చేశా. కంపెనీ వాళ్ళు అచ్చేసిన సినిమా పాటల సీడీ పెడితే పాడింది. ఇంట్లో రాయించిన సీడీ మాత్రం చదవట్లేదు. రాసిన సీడీలో ఉండేది గుంటలు కాదు, లేజర్ కాల్చిన రంగు పొర. అది వెలుతురుని కొంచెం తక్కువగా వెనక్కి పంపుతుంది. కాబట్టి లెన్సు మసకబారితే ముందు మొరాయించేది ఇలాంటి సీడీలే.

ప్లగ్ పీకి మూత విప్పా. ఇది మర్చిపోవద్దు: లేజర్ కంటికి కనపడదు, కరెంటుండగా లెన్సు వైపు చూడకూడదు. లెన్సు మీద ఏళ్ళనాటి అగరుబత్తి పొగ పేరుకుని ఉంది. కాటన్ బడ్‌కి ఒక్క చుక్క ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్ది, నొక్కకుండా తుడిచా. సీడీని మధ్య నుంచి అంచుకి నిట్టనిలువుగా తుడిచా. గుండ్రంగా తిప్పి తుడిస్తే పడే గీత వరస వెంటే పోయి, ఆ లెక్కలకి కూడా అందకుండా చేస్తుంది.

ట్రే బయటికి రాకపోతే రబ్బర్ బెల్ట్ సాగిందేమో చూడండి. మొదటి పాటలు బాగుండి చివరివి తడబడితే లెన్సు జరిగే పట్టాల మీద గ్రీజు గట్టిపడి ఉండొచ్చు. లేజర్ పవర్ పెంచే స్క్రూ మాత్రం తిప్పొద్దు, మిగిలిన ఆయుష్షు కూడా కరిగిపోతుంది.

ప్లేయర్ పాడింది. అమ్మమ్మ పాడింది. అమ్మ వంటింట్లోంచి వచ్చి గుమ్మం దగ్గరే నిలబడిపోయింది.

కానీ చివరి చరణంలో రెండుచోట్ల గొంతు తెగింది. లెన్సు శుభ్రంగానే ఉంది, సీడీలోని రంగు పొరే వెలిసిపోతోంది. అన్ని లెక్కలకీ ఒక హద్దుంది. దాటితే ఏ మెషీనూ తిరిగివ్వలేదు.

ఆ రాత్రే పాటని ఫోన్‌లోకి, ఇంకో రెండు చోట్లకి కాపీ చేశా. మీ ఇంట్లో పెన్నుతో పేరు రాసిన పాత సీడీ ఉంటే ఈ ఆదివారం బయటికి తీయండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.