రోళ్లపాడు బీడు

ముందే చెప్పేస్తాను. ఈ కథ ముగిసేసరికి రోళ్లపాడు గడ్డిలో బట్టమేక పిట్ట కనిపించదు. ఆ బీట్లో ఎయిర్ గన్ను భుజాన వేసుకుని తిరిగిన పిల్లాడు పెద్దవాడై, ఢిల్లీ దాకా వచ్చి, వచ్చిన పని కాక వెనుదిరుగుతాడు. అయినా చెప్పాలి. తెలుగు నేల మీద మనిషి నడుమెత్తున నడిచిన పిట్ట ఒకటి ఉండేదని ఎరిగినవాళ్లు ఏటేటా తగ్గిపోతున్నారు.

నేనీ కథ విన్నది బేర్ సరాయ్‌లో. జేఎన్‌యూ పాత క్యాంపస్ ఎదురుగా, ఐఐటీకి దగ్గరలో ఉన్న ఊరది. పొలాలు ఎప్పుడో నగరంలో కలిసిపోయాయి, ఇళ్లు మాత్రం మిగిలి ఒకదాని మీద ఒకటి పైకి లేచాయి. గదికి ఇద్దరం ముగ్గురం. కింద జిరాక్స్ షాపులు, సివిల్స్ నోట్సు కట్టలు, అర్ధరాత్రి దాకా టీ. గల్లీలో నిలబడి తలెత్తితే కరెంటు తీగల మధ్య చారెడు ఆకాశం. కానీ తెల్లవారుజామున జేఎన్‌యూ రాళ్లగుట్టల నుంచీ, సంజయ్ వన్ వైపు నుంచీ నెమళ్లు అరిచేవి. ఆ అరుపుకి మా గదిలో అందరికంటే పెద్దవాడైన అన్న లేచి కూర్చునేవాడు. ఆయనది అప్పటి కర్నూలు జిల్లా, నందికొట్కూరు వైపు, రోళ్లపాడు బీడు పక్కనున్న పల్లె.

"దీని అదృష్టం సూడు తమ్ముడూ" అనేవాడు. "ఆ పొద్దు మా బట్టమేక గెలిచింటే..."

ఆ పొద్దంటే 1963. దేశానికి జాతీయ పక్షిని ఎంచుకున్న ఏడు. పక్షుల కోసమే బతికిన సలీం అలీ బట్టమేక వైపు మొగ్గాడు. నెమలిని అందరూ ఎరుగుదురు, దానికి గుళ్లో చోటుంది, పాటలో చోటుంది. ఎవరూ తలుచుకోని ఈ బీడు పిట్టకే ఆ గౌరవం అవసరమని ఆయన వాదన. నెమలి గెలిచింది. ఇప్పుడు వెనక్కి తిరిగి చూస్తే ఆ ఏడు దగ్గరే ఆగిపోవాలనిపిస్తుంది. నోటు మీదా, బడి పుస్తకం అట్ట మీదా బట్టమేక బొమ్మ ఉండి ఉంటే, దాని గడ్డిని బంజరని రాసుకునే చెయ్యి ఒక్క క్షణమైనా తడబడేదేమో.

ఆ పిట్ట ఎలా ఉంటుందో అన్న నోటే వినాలి. పోతు మీటరు ఎత్తు, పది పదిహేను కిలోల బరువు. తలమీద నల్లటి టోపీ, తెల్లటి పొడుగు మెడ, ఇసుక రంగు వీపు. ఎగరగల పక్షుల్లో ఇంత బరువైనవి లోకంలో కొన్నే. వానలు పడి గడ్డి లేచాక పోతు ఒక చిన్న మిట్ట ఎక్కి నిలబడుతుంది. తోక వీపు మీదికి విప్పుతుంది. గొంతు కింద తెల్లటి సంచి గాలితో ఉబ్బి దాదాపు నేలకు వేలాడుతుంది. అప్పుడు ఒక మూలుగు లాంటి పిలుపు, గడ్డి మీదుగా చాలా దూరం పాకుతుంది. పెట్ట ఏటికి సాధారణంగా ఒక్క గుడ్డే పెడుతుంది. అదీ ఉత్త నేల మీద.

అన్న వాళ్ల వీధికంతటికీ ఒకటే ఎయిర్ గన్ను. అది పెద్దింటి పిల్లాడిది. తక్కినవాళ్లు గుండ్ల డబ్బీ మోసేవాళ్లు, మోసినందుకు రెండు దెబ్బలు కొట్టుకోనిచ్చేవాడు. గొట్టాన్ని రెండు చేతులా కిందికి విరవాలి. లోపలి స్ప్రింగు పిల్లల బలానికి లొంగక బిగుసుకునేది, పొట్టకు ఆనించుకుని ఇద్దరు పట్టి వంచేవాళ్లు. విరిచిన చోట గొట్టం మొదట్లో సీసపు గుండు పెట్టి బొటనవేలితో అదిమి, టక్కున మూసి, గురి. మిషను నూనె వాసన సాయంత్రం దాకా వేళ్లకు అంటుకునే ఉండేది. చింతకాయల గుత్తి, పాత రేకు డబ్బా, తుమ్మచెట్టు మీది గువ్వ. గురి తప్పిన దెబ్బలే ఎక్కువ.

తుపాకి ఒక సాకు. దాని పేరు చెప్పి పొద్దున పోయిన పిల్లలు దీపాలు పెట్టే వేళకు గానీ ఇల్లు చేరేవాళ్లు కాదు. దారిలో రేగుపండ్లు, బలుసుపండ్లు. గొర్రెల కాపరి దగ్గర కాల్చిన జొన్న ఊచబియ్యం. ఏ పొద కింద కౌజు గుడ్లు పెట్టిందో, ఏ గెనెం పక్కన పూరేడు లేస్తుందో, బట్టమేక పెట్ట ఏ మిట్ట దిగువన కూర్చుందో ఆ పిల్లలకు తెలుసు. ఏ పుస్తకంలోనూ లేని లెక్క అది. ఆ పెట్ట వైపు ఎవరూ గొట్టం తిప్పేవాళ్లు కాదట. సీసపు గుండు దాన్నేం చేయలేదు నిజమే, కానీ అందుకు కాదన్నాడు అన్న. దాన్ని చూస్తే చెయ్యి లేవదని.

ఆ చెయ్యి లేచినవాళ్లు వేరే. 1809 నుంచి 1829 దాకా అహ్మద్‌నగర్ ప్రాంతంలో ఒక్క ఇంగ్లీషు దొర కాల్చిన బట్టమేకలు 961 అని లెక్క రాసి ఉంది. తర్వాత జీపులొచ్చాయి. చదునైన బీట్లో తల దాచుకోలేని బరువైన పిట్ట జీపు ముందు ఎంత దూరం పోగలదు?

సలీం అలీది కూడా ఎయిర్ గన్ను బాల్యమే. 1908 ప్రాంతంలో బొంబాయి ఖేత్‌వాడీలో, మేనమామ ఇంట్లో పెరుగుతున్న తల్లీతండ్రీ లేని పిల్లాడు ఒక పిచ్చుకను కొట్టాడు. చేతిలోకి తీసుకుని చూస్తే గొంతు మీద పసుపు మచ్చ. మామ అమీరుద్దీన్ త్యాబ్జీకి అదేం పిట్టో తెలియలేదు. తిట్టి పంపెయ్యొచ్చు. ఆయన ఒక చీటీ రాసిచ్చి బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీకి, మిల్లార్డ్ అనే దొర దగ్గరకు పంపాడు. దొర పిట్ట పేరు చెప్పి, బీరువా సొరుగులు ఒక్కొక్కటే లాగి, పొట్టలో దూది కూరిన వందల పిట్టల్ని ఆ పిల్లాడికి చూపించాడు. దేశానికి పక్షుల శాస్త్రవేత్త దొరికింది ఆ సొరుగుల దగ్గర. 1985లో ఆయన రాసుకున్న జీవితకథ పేరులో కూడా ఆ రాలిన పిచ్చుక ఉంది.

అన్న ఆ పుస్తకాన్ని బేర్ సరాయ్‌లోనే చదివాడు. గది ఖాళీ చేసిన ఎవరో వదిలేసిపోయిన కట్టలో దొరికింది. మేనమామ చీటీ రాసిచ్చిన పేజీ దగ్గర పుస్తకం మూసేసి చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత చెప్పాడు.

ఆయన చిన్నప్పుడు, ఎనభైలలో, ఇదే బొంబాయి సొసైటీ వాళ్లు బట్టమేకను పరిశోధించడానికి రోళ్లపాడు వచ్చారు. దుర్భిణులతో, నోటు పుస్తకాలతో ఎండలో కూర్చునేవాళ్లు. ఒకరోజు వాళ్లు ఒక మిట్ట వైపు చూస్తున్నారు, పెట్ట ఉన్నది ఇంకో మిట్ట దిగువన. ఆ సంగతి ఈ పిల్లాడికి తెలుసు. నాలుగడుగులు వేసి చెబితే చాలు. కానీ ఆ పూట గన్ను మోసే వంతు ఆయనదే. సర్కారు మనుషులనుకున్నాడు, పట్టుకుపోతారనుకున్నాడు. గన్నును గడ్డిలో దాచి, వంగి వంగి, ఊరి వైపు పరిగెత్తాడు.

నాలుగడుగులు. ఇన్నేళ్ల తర్వాత కూడా నాకా దూరం మింగుడుపడదు. ఆ పిల్లాడి చెయ్యి పట్టుకుని వాళ్ల దగ్గరకు తీసుకెళ్లే మామ ఆ ఊళ్లో లేడు. ఇంటర్‌లో బైపీసీ తీసుకొమ్మని చెప్పేవాళ్లు కూడా లేరు. అందుకే తర్వాత ఇండియన్ ఫారెస్ట్ సర్వీస్ పరీక్షకు దరఖాస్తు చేద్దామంటే సైన్సు డిగ్రీ లేక ఆ తలుపూ తెరుచుకోలేదు.

1988లో రోళ్లపాడును అభయారణ్యంగా ప్రకటించారు. 614 హెక్టార్లు. ఆ ఏళ్లలోనే ఆశ ఎక్కువగా ఉండేది, అందుకే ఆ ఏళ్లే తలుచుకుంటే ఎక్కువ నొప్పి. కాపలా వచ్చింది, కృష్ణజింకలు పెరిగాయి, పెరిగిన జింకలు చుట్టుపక్కల చేలమీద పడ్డాయి. పంట పోయిన రైతుకు జింకా, బట్టమేకా, ఫారెస్టు గార్డూ ఒక్కటే అయిపోయారు. గొర్రెల కాపరీ, గన్ను పిల్లలూ బీట్లో పరాయివాళ్లయ్యారు. పిట్ట జాడ ఎరిగినవాళ్లే దానికి దూరమయ్యారు. వాళ్లను పిలిచి కూర్చోబెట్టుకుని ఉంటే? ఆ కాపరులకే జీతమిచ్చి కావలి పెట్టి ఉంటే? పక్కనే అలగనూరు రిజర్వాయరు వచ్చింది, కాలువలు వచ్చాయి. కొర్రా జొన్నా వేసే మెట్టచేలు నీటిపంటల్లోకి మారాయి. సీమ రైతు నీళ్లు కోరడం తప్పని ఏ నోటితో అంటాం? కానీ బట్టమేక కంచె లోపల మాత్రమే బతికే పిట్ట కాదు. దానికి బయటి మెట్టచేలూ కావాలి, బీళ్లూ కావాలి. ఒక్కో ఏడూ ఒక్కోటి తగ్గి, చివరికి అక్కడ అది కనబడడమే అరుదైపోయింది.

రాజస్థాన్ ఎడారిలో మిగిలినవాటిని కరెంటు తీగలు పొట్టన పెట్టుకుంటున్నాయి. ఎదురుగా ఉన్నది సరిగా కనిపించని కళ్లు దానివి, బరువైన ఒళ్లు చప్పున పక్కకు తిరగదు. 2021లో సుప్రీంకోర్టు ఆ తీగల్ని నేలలో పాతమంది, 2024లో ఆ ఆదేశాన్ని సడలించింది. అన్నిచోట్లా కలిపి బయట స్వేచ్ఛగా తిరిగే పిట్టలు నూటయాభై ఉంటాయో ఉండవో.

అప్పట్లో బేర్ సరాయ్‌లో అన్నకు సివిల్స్ పరీక్షకు ఉన్న నాలుగు అవకాశాలూ అయిపోయాయి. చివరి ఫలితాలు వచ్చిన వారం రోజూ తెల్లవారకముందే సంజయ్ వన్‌కు పోయేవాడు, నేనూ వెంట పోయేవాణ్ని. సర్కారు తుమ్మ అల్లుకుపోయిన ఆ అడవిలో ఏ కూత వినబడినా ఆగకుండా పేరు చెప్పేవాడు, తెలుగులో, వాళ్ల ఊరి పేరు. తర్వాత పెట్టె సర్దుకుని ఆంధ్రా ఎక్స్‌ప్రెస్ ఎక్కాడు. ఇప్పుడు ఊళ్లోనే సేద్యం.

2019 నుంచి జైసల్మేర్ దగ్గర బట్టమేక గుడ్లు తెచ్చి పొదిగిస్తున్నారనీ, పిల్లలు బతుకుతున్నాయనీ పేపర్లో చదివి ఫోన్ చేశాను. ఎప్పటికైనా మన దగ్గర కూడా వదులుతారేమో అన్నా, అన్నాను. ఆయన వెంటనే అందుకున్నాడు, ఇన్నేళ్లూ ఆ మాట కోసమే కాచుకున్నట్టు.

"కంచె లోపలంత సాలదు. గడ్డి మోకాలెత్తుకు మించగూడదు, మించితే దానికి నక్క కనపడదు. సుట్టూ కొర్ర, బుడ్డ శేను ఉండాల. మందులు కొట్టగూడదు, దానికి మిడతలు కావాల. పైన తీగెలు ఉండగూడదు. ఏ మిట్ట కాడ వదలాలో నాకు తెలుసు. ఆ సార్లతో ఎవురన్నా మాట్లాడితే, నేను తోలకపొయ్యి సూపిస్తానని సెప్పు తమ్ముడూ."